పేదలకు సంఘం చేసే సాయం: తీసుకున్నవాళ్ళు మళ్ళీ ఆదివారం తలెత్తుకుని ఆరాధనకు వచ్చేలా ఎలా చేయాలి

క్రిస్మస్ దగ్గర పడుతుందంటే చాలు, "మా సంఘంలో కూడా పేదలకు ఏదైనా చేద్దామనుకుంటున్నాం, మీరెట్టా చేస్తున్నారో చెప్పండి" అని అడిగేవాళ్ళు ఎక్కువవుతారు. ఫోన్లో రెండు ముక్కలు చెబితే సగమే అర్థమవుతుంది, అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. మాది ఒంగోలుకి, సింగరాయకొండకి మధ్య ఒక పల్లెలో 60 కుటుంబాల క్రైస్తవ సంఘం. సొంత పొలం ఉన్నవాళ్ళు నలుగురైదుగురు, ఉద్యోగాలున్నవాళ్ళు అంతకన్నా తక్కువ, మిగతా అందరూ కూలికి పోయేవాళ్ళే. ఇచ్చేవాళ్ళకీ తీసుకునేవాళ్ళకీ పెద్ద తేడా లేదు. మీ సంఘం కూడా దాదాపు ఇలాగే ఉంటుందనుకుని చెబుతున్నాను.

ఇవ్వాలా వద్దా అనే చర్చ ఇక్కడ లేదు. బైబిల్లో పేదలకు చెయ్యి చాచి ఇవ్వమనే ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం ఒక్కసారి చదివినవాళ్ళకు ఆ సందేహం ఉండదు. ఎలా ఇవ్వాలన్నదే విషయం. దానికి నేను ఒకే కొలత పెట్టుకున్నాను: సాయం తీసుకున్న మనిషి తర్వాతి ఆదివారం ఎప్పటిలాగే వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చోగలిగితే మనం సరిగ్గా చేసినట్టు. రాలేకపోతే ఎన్ని బస్తాలు ఇచ్చినా లెక్కలోకి రాదు. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ కొలత నుంచి వచ్చిందే.

1. ముందు మనుషులు, తర్వాతే డబ్బు

చాలామంది ముందు చందా పోగుచేసి, తర్వాత ఎవరికివ్వాలా అని కూర్చుంటారు. అక్కడే గొడవ మొదలవుతుంది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు రోజూ పంచే భోజనం దగ్గర సణుగుడు వస్తే, అపొస్తలులు ఆ పని తమ చేతుల్లో పెట్టుకోకుండా ఏడుగురిని ఎన్నుకోమన్నారు. మన చిన్న సంఘాలకు ఏడుగురు అక్కర్లేదు, ముగ్గురు చాలు.

ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు ఉంటే మంచిది, కనీసం ఒకరైనా ఉండి తీరాలి. ఇంట్లో పొయ్యి వెలగలేదన్న మాట ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషికే చెబుతుంది, పెద్దల కమిటీ ముందు చెప్పదు. ముగ్గురిలో ఇద్దరు ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. ఒకరు డబ్బు ఉంచుకోవాలి, ఇంకొకరు పుస్తకం రాయాలి, మూడోవారు ఇళ్ళకు వెళ్ళి చూసి రావాలి. డబ్బు, పుస్తకం ఒకరి చేతిలోనే ఉండకూడదు.

పాస్టరు గారి చేతిలో ఈ నిధి పెట్టకండి. నమ్మకం లేక అనడం లేదు, ఆయన్ను కాపాడటానికే అంటున్నాను. పౌలు కూడా యెరూషలేము పేదల కోసం పోగైన కానుకను ఒక్కడే మోసుకెళ్ళలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా ఇంకొందరిని తోడు తీసుకెళ్తున్నానని 2 కొరింథీయులకు 8వ అధ్యాయం, 20, 21 వచనాల్లో తనే రాశాడు. పౌలుకే ఆ జాగ్రత్త అవసరమైంది.

ముగ్గుర్నీ ఎన్నుకునే రోజు ఒక మాట తీసుకోండి: ఎవరికి ఏమిచ్చామో ఇంట్లో భార్యకు గానీ భర్తకు గానీ చెప్పకూడదు. ఈ మాట ఇవ్వలేనన్న మనిషి ఎంత మంచివాడైనా ఈ పనికి వద్దు.

2. నిధి: ప్రతి ఆదివారం కొంచెం

క్రిస్మస్‌కు ఒకేసారి పెద్ద చందా ఎత్తి ఒకేసారి పంచేసే పద్ధతి మానుకోండి. ఆకలి డిసెంబరులో ఒక్కసారి వచ్చి పోయేది కాదు కదా. 1 కొరింథీయులకు 16వ అధ్యాయంలో చెప్పినట్టు వారం మొదటి రోజున ఎవరికి కలిగినంతలో వాళ్ళు తీసి పక్కన పెట్టడమే అన్నిటికన్నా నిలకడైన దారి.

మా లెక్క చెబుతాను. 60 ఇళ్ళలో 40 ఇళ్ళవాళ్ళు వారానికి 20 రూపాయలు వేస్తే వారానికి 800, నాలుగు వారాలకు 3,200. దీనికి తోడు స్త్రీల సమాజం వాళ్ళు పిడికెడు బియ్యం తీస్తారు. ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, నెలాఖరున తెస్తారు. చూడ్డానికి చిన్న మొత్తమే. కానీ ఏ నెలా ఆగదు కాబట్టి ఏడాది తిరిగేసరికి సుమారు 41 వేల రూపాయలవుతుంది, అదంతా సంఘం చెమటోడ్చి తెచ్చిన డబ్బు.

పేదవాళ్ళను కూడా వేయనివ్వండి. "నువ్వెందుకమ్మా, వద్దులే" అనకండి. రెండు కాసులు వేసిన విధవరాలిని యేసు ప్రభువు ఆపలేదు, శిష్యులకు చూపించాడు. ఈ నెల తీసుకున్న ఇల్లే వచ్చే నెల పది రూపాయలు వేస్తుంది, అది ఆ ఇంటి హక్కు.

నిధి దగ్గర చూసుకోవాల్సినవి:

- కట్టడం నిధి, పాస్టరు గారి జీతం, పేదల నిధి మూడూ వేరు వేరు. స్లాబు పనికి తక్కువైందని ఇందులోంచి "తాత్కాలికంగా" తీయడం ఒక్కసారి జరిగినా ఆ డబ్బు తిరిగి రాదు.
- బ్యాంకు ఖాతా ఉంటే ఇద్దరి సంతకాలతోనే డబ్బు తీసేలా పెట్టండి.
- ఎవరు ఎంత వేశారో చదవొద్దు. మొత్తం మాత్రమే చదవండి.
- విదేశాల్లో ఉన్న తెలిసినవాళ్ళు సంఘం ఖాతాకు డాలర్లు పంపిస్తామంటే ఆగండి. విదేశీ విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉండాలి, దానికి ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా కూడా ఉండాలి. అది లేకుండా తీసుకుంటే చట్టం ప్రకారం నేరం. ఆడిటరును అడగకుండా ఒప్పుకోకండి.

3. ఏ నెలలో ఎవరికి కష్టమో ముందే రాసుకోండి

ఇది ఎవరూ చేయరు, కానీ నిధి సగం దీనిమీదే నిలబడుతుంది. మన ప్రకాశం, నెల్లూరు ప్రాంతాల్లో కష్టం క్యాలెండరు ప్రకారమే వస్తుంది. కొత్తపట్నం నుంచి కృష్ణపట్నం దాకా తీరం వెంబడి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. పడవల మీద వేటకు పోయేవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే భృతి అందుతుంది గానీ, ఒడ్డున చేపలు మోసే ఆడవాళ్ళ పేర్లు ఆ జాబితాలో ఉండవు. కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం వైపు వరి కోతలు అయిపోయాక మళ్ళీ నాట్ల దాకా కూలి పని బాగా తగ్గిపోతుంది. టంగుటూరు, కొండపి వైపు పొగాకు గ్రేడింగు ముగిసిందంటే ఆడవాళ్ళకు చేతిలో పని ఉండదు. జూన్‌లో బడులు తెరుస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్లు.

కనిగిరి, పొదిలి వైపు కథ వేరు. అక్కడ వయసులో ఉన్నవాళ్ళు హైదరాబాదుకో బెంగళూరుకో పనికి పోయి, ఇంట్లో ముసలివాళ్ళూ చిన్నపిల్లలే మిగులుతారు. అక్కడ బియ్యం కన్నా, జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళే మనిషి అవసరం ఎక్కువ.

ఒక కాగితం మీద 12 నెలలు రాసి, ప్రతి నెల పక్కన మీ ఊళ్ళో ఎవరికి పని ఉండదో రాయండి. అది చూసుకుని, చేతిలో డబ్బు ఆడే నెలల్లో ఎక్కువ కూడబెట్టండి. మేము కోత పండుగ రోజు వచ్చిన గుమ్మడికాయలు, కోళ్ళు, ధాన్యం వేలం వేయగా వచ్చిన డబ్బులో సగం జూన్ కోసం పక్కన పెడతాం. పంటను చివరి గింజ దాకా ఊడ్చుకోకుండా పొలం అంచులు పేదలకూ పరదేశులకూ వదలమని లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతుంది. మాకు ఆ పొలం అంచు ఈ వేలం డబ్బే.

4. ఎవరికి అవసరమో వెతకాలి, అడిగేదాకా ఆగకూడదు

గట్టిగా అడిగేవాళ్ళకే సాయం అందే సంఘాలు చాలా ఉన్నాయి. నిజంగా చితికిపోయిన ఇల్లు చాలాసార్లు అడగదు. కాబట్టి నెలకోసారి ఇళ్ళకు వెళ్ళాల్సిందే, మామూలు పలకరింపుగా, చేతిలో పుస్తకం లేకుండా.

కళ్ళు ఏం చూడాలి? గ్యాస్ బండ ఖాళీగా మూలన పడుందా, బయట కట్టెల పొయ్యి కొత్తగా వెలిసిందా? బీపీ బిళ్ళలు రోజు మార్చి రోజు వేసుకుంటున్నారా? పిల్ల బడికి పోకుండా ఇంటి దగ్గర ఎందుకుంది? ఎప్పుడూ ఉండే కుట్టు మిషను ఇప్పుడు కనపడటం లేదే, తాకట్టులో ఉందా? వీటిలో దేన్నీ మొహం మీద అడగొద్దు. "ఈ మధ్య పని దొరుకుతుందా వదినా" అని అడిగితే చాలు, మిగతాదంతా వాళ్ళే చెబుతారు.

1 తిమోతి 5వ అధ్యాయంలో పిల్లలో మనవళ్ళో ఉంటే ముందు వాళ్ళు చూసుకోవాలని ఉంది, నిజమే. కాబట్టి కొడుకు ఉంటే ఒకసారి పెద్దమనిషి వెళ్ళి మాట్లాడాలి. కానీ "కొడుకులున్నారు కదా" అనే మాట అడ్డుపెట్టుకుని ముసలామెను వదిలేయొద్దు. కొడుకు మారేదాకా ఆమె ఆకలి ఆగదు.

సంఘం బయటివాళ్ళ మాట కూడా చాలామంది అడుగుతారు. గలతీయులకు 6వ అధ్యాయం, 10వ వచనం చూడండి. అందరికీ మేలు చేయమంది, విశ్వాస గృహానికి చెందినవాళ్ళకు మరీ ముఖ్యంగా అంది. ముఖ్యంగా అంటే వాళ్ళకు మాత్రమే అని కాదు. మేము నిధిలో నాలుగో వంతు బయటివాళ్ళ కోసం ఉంచుతాం, వాళ్ళు ఏ దేవుణ్ణి మొక్కుతారో అడగం.

5. ప్రభుత్వం ఇచ్చేది ముందు ఇప్పించండి

మీ నిధి నుంచి నెలకు 500 ఇస్తున్న విధవరాలికి, అసలు రావాల్సిన 4,000 రూపాయల పింఛను రాకుండా ఆగిపోయి ఉండొచ్చు. వేలిముద్ర పడలేదనో, ఆధార్‌లో వయసు తప్పుందనో, భర్త మరణ ధ్రువీకరణ పత్రం తీయలేదనో. అలాంటప్పుడు మీ 500 కన్నా, ఒక పూట పని మానుకుని ఆమెను గ్రామ సచివాలయానికి తీసుకెళ్ళే మనిషి గొప్ప సాయం.

ప్రతి ఇంటికీ ఇవి చూడండి:

- పింఛను వస్తుందా? వృద్ధులకు, వితంతువులకు 4,000, వికలాంగులకు 6,000.
- బియ్యం కార్డులో ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయా?
- ఆపరేషన్ అవసరమైతే ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందో లేదో ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్ళను అడిగారా? అప్పు చేశాక కాదు, చేయకముందు.
- వికలాంగులుంటే సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఉందా?
- సచివాలయంలో పని జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చారా?

మా యూత్‌లో చదువుకున్న పిల్లలకు ఈ పని అప్పగించాం. పాటలు, స్కిట్లు ఎంత శ్రద్ధగా చేస్తారో ఇది కూడా అంతే శ్రద్ధగా చేస్తున్నారు.

6. ఇచ్చే తీరు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మేము ఘోరంగా తప్పు చేసింది ఇక్కడే.

కొన్నేళ్ళ కిందట క్రిస్మస్‌కు స్టేజి వేశాం, వెనక బ్యానరు కట్టాం, ముఖ్య అతిథిని పిలిచాం. పది మంది విధవరాండ్రకు 25 కిలోల బియ్యం బస్తాలు. పేరు పిలిస్తే ఒక్కొక్కరు వచ్చి తీసుకోవాలి. అందులో ఒకామె, యాభై దాటిన మనిషి, తలమీద కొంగు కిందికి లాక్కుని వచ్చింది. అతిథి బస్తా ఒక చెవి పట్టుకున్నాడు, ఆమె రెండో చెవి పట్టుకుంది. ఫోటో తీసే అబ్బాయి "అమ్మా, ఇటు చూడండి" అన్నాడు. ఆమె చూడలేదు. "అమ్మా, ఒక్కసారి కొంగు తీసి ఇటు చూడండి" అని మళ్ళీ అన్నాడు. చూసింది. ఆ ఫోటో సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులన్నింటిలో తిరిగింది, పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మూడు ఆదివారాలు ఆమె రాలేదు. నాలుగో వారం ఇంటికి వెళ్తే నులక మంచం కింద బస్తా అట్టాగే ఉంది, కుట్టు కూడా విప్పలేదు. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత అంది: "నా బిడ్డ అత్తగారింట్లో ఆ ఫోటో చూశారంటయ్యా. మీ అమ్మ గుడికాడ అడుక్కుంటా ఉందా అని బిడ్డను అడిగారంట." ఆమె మళ్ళీ ఆరాధనకు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

మత్తయి 6వ అధ్యాయం, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట, మా అందరికీ కంఠతా వచ్చు. ఆ రోజు వాక్యం కూడా దానిమీదే చెప్పారు. తెలిసీ చేశాం. అప్పటి నుంచి మా పద్ధతి ఇది:

- స్టేజి లేదు, పేర్లు పిలవడం లేదు, వరసలో నిలబెట్టడం లేదు. కలిగినవాళ్ళు తమ సొంత భోజనం తినేస్తుంటే లేనివాళ్ళు సిగ్గుపడేలా చేశారని పౌలు కొరింథు సంఘాన్ని గద్దించాడు (1 కొరింథీయులకు 11:22). బస్తాలు పంచేటప్పుడు ఆ వచనం గుర్తుంచుకోండి.
- ఫోటో లేదు. వీపు వైపు నుంచి తీసినా, మొహం మసక చేసినా వద్దు. ఊళ్ళోవాళ్ళు చీరను బట్టి పోల్చుకుంటారు. దాతలు రుజువు కావాలంటే కొట్టు బిల్లు చూపించండి.
- గృహ కూటం (ఇళ్ళలో జరిగే ప్రార్థన) ఉన్న సాయంత్రం వెళ్ళండి. ఆ వేళ సంఘంవాళ్ళు ఇల్లిల్లూ తిరగడం మామూలే కాబట్టి చేతిలో సంచి ఎవరి కంటా పడదు. సంచి కూడా మామూలు కూరగాయల సంచే, సంఘం పేరు అచ్చేసింది వద్దు.
- ఇద్దరు వెళ్ళండి, అందులో ఒక ఆడమనిషి. ఒంటరి ఆడమనిషి ఇంటికి మగవాడు ఒక్కడే ఎప్పుడూ వెళ్ళకూడదు.
- గడప దగ్గర ఆగండి, లోపలికి రమ్మంటేనే వెళ్ళండి. అప్పిచ్చినవాడు తాకట్టు కోసం కూడా బీదవాడి ఇంట్లోకి చొరబడకూడదు, బయటే నిలబడాలని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఉంది. అప్పిచ్చినవాడికే ఆ హద్దు ఉంటే ఉచితంగా ఇచ్చేవాళ్ళం ఎంత జాగ్రత్తగా ఉండాలి!

ఏం మాట్లాడాలని కూడా అడుగుతుంటారు. "సంఘం పంపింది పెద్దమ్మా" అంటే చాలు. "ఫలానా ఆయన ఇచ్చాడు, ఆయన కోసం ప్రార్థన చెయ్యండి" అనొద్దు. "జాగ్రత్తగా వాడుకోండి" అనొద్దు, ఇల్లు నడపడం ఆమెకు మనకన్నా బాగా తెలుసు. ప్రార్థన చేయమంటే చేయండి. అడగకపోతే క్షేమం కనుక్కుని వచ్చేయండి.

ఇంకో మంచి దారి కొట్టు ద్వారా ఇవ్వడం. నోరు జారని కొట్టతను ఉంటే ముందే డబ్బు కట్టి, ఫలానా ఇంటివాళ్ళు వస్తే వెయ్యి రూపాయల దాకా ఇవ్వమనండి. ఆమె మామూలుగా వెళ్ళి, తనకు కావలసింది తనే ఎంచుకుని తెచ్చుకుంటుంది. రేషను బియ్యం చాలా ఇళ్ళలో ఉంటుంది. లేనిది కందిపప్పు, నూనె, చింతపండు, పసిపిల్లలకు పాలు, నెలసరి ప్యాడ్లు. మనం బియ్యం బస్తాలే ఎందుకిస్తామంటే అవి ఫోటోలో పెద్దగా కనపడతాయి కాబట్టి. బియ్యమే ఇవ్వాలనుకుంటే మీ ఇంట్లో వండుకునే రకమే ఇవ్వండి, పురుగు పట్టినవి, నూకలు వద్దు. బట్టలైనా అంతే, మీ అక్కకు పెట్టలేని చీర ఆమెకూ పెట్టకండి.

సాయానికి, బాప్తిస్మానికి ముడి పెట్టకండి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు, కానీ ఆ సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపాడు, కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని. మన ప్రాంతంలో మన సంఘాల పుట్టుకలోనే ఉన్న పద్ధతి ఇది. దాన్ని పోగొట్టుకోకూడదు.

7. అప్పు అడిగితే

ఒక్క నియమం పెట్టుకోండి: ఇచ్చేముందే ఇది దానమా, అప్పా అని ఇద్దరికీ తేలాలి. "చూద్దాంలే, ఉన్నప్పుడు ఇద్దువుగాని" అనే మాట దగ్గరే సంబంధాలు చెడతాయి. ఆ మనిషి మీకు ఎదురుపడటానికి ఇబ్బందిపడి ఆరాధన మానేస్తాడు.

అప్పుగా ఇస్తే వడ్డీ లేదు, నిర్గమకాండం 22:25 సూటిగా చెప్పింది. మా దగ్గర 5,000 దాటి అప్పు ఇవ్వం, పది నెలలకు 500 చొప్పున కట్టాలి. రెండు వాయిదాలు తప్పితే మా ముగ్గురిలో ఒకరు వెళ్ళి మాట్లాడతారు, నిజంగా కట్టలేకపోతే ఆరోజే మాఫీ అని చెప్పేసి పుస్తకంలో కొట్టేస్తారు. సగం మాఫీ, గడువు పొడిగింపు, వాయిదా మీద వాయిదా వద్దు. అది తలమీద బరువుగానే ఉండిపోతుంది.

నూటికి ఐదు, పది వడ్డీకి తెచ్చి రోజువారీ ఫైనాన్సు వాళ్ళకు కడుతున్న ఇల్లు కనపడితే ముందు ఆ అసలు ఎంతో తెలుసుకోండి. 4,000 అసలుకు ఏడాదిగా వడ్డీ మాత్రమే కడుతున్న ఇంటిని మేము చూశాం. ఆ అసలు కట్టేయడం ఏడాది పాటు బియ్యం ఇవ్వడం కన్నా మేలు. ఎవరికీ పూచీ సంతకం మాత్రం పెట్టకండి, సామెతలు 22:26 ఊరికే హెచ్చరించలేదు.

8. పని, కూలి

సంఘంలో పొలాలు, రొయ్యల చెరువులు, మేస్త్రి పనులు ఉన్నవాళ్ళతో ఒక మాట. కానుక సంచిలో 500 వేసి, అదే సంఘంలో మనిషికి రెండు వారాల కూలి బాకీ పెట్టడం ఉందే, దాన్ని దానం అనరు. పొద్దు గూకకముందే కూలి ఇవ్వమని ద్వితీయోపదేశకాండం 24:15లో ఉంది. ఈ బాకీల సంగతి తేలకుండా పేదల నిధి పెట్టడం వల్ల పెద్ద ఉపయోగం లేదు, మా సంఘంలో మొదటి సమావేశం దీనిమీదే పెట్టాం, కష్టంగానే నడిచింది.

పని చూపించేటప్పుడు రూతు గ్రంథంలో పొలం యజమాని బోయజును చూడండి. పొలంలో పరిగె ఏరుకోవడానికి వచ్చిన రోజు రూతును కూర్చోబెట్టి ధాన్యం కొలిచి ఇవ్వలేదు. పిడికిళ్ళు పిడికిళ్ళు కావాలనే జారవిడవమని, ఆమెను గద్దించవద్దని పనివాళ్ళకు చెప్పాడు. ఆమె తన కష్టంతోనే ఏరుకుని ఇంటికి పోయింది.

కుట్టు మిషన్లు ఇవ్వాలనే ఉత్సాహం చాలామందికి ఉంటుంది. ఇచ్చేముందు అడగండి: కుట్టడం వచ్చా? ఆ వీధిలో ఇప్పటికే ఎంతమంది కుడుతున్నారు? జాకెట్టుకు ఎంత ఇస్తారు? మిషను పెట్టడానికి ఇంట్లో చోటు, కరెంటు ఉన్నాయా? వీటికి జవాబు రాకపోతే ఆ మిషను ఆర్నెల్లలో తాకట్టుకు పోతుంది. ఒకామెకు ఇడ్లీ పాత్ర, పెట్టుబడిగా మినప్పప్పు ఇచ్చాం, అది నిలిచింది, ఎందుకంటే ఆ ఆలోచన ఆమెదే.

9. లెక్క

పుస్తకంలో పేర్లు రాయొద్దు, ఇంటికో నంబరు ఇవ్వండి. నంబర్ల జాబితా వేరే కాగితం మీద, పుస్తకం లేని మనిషి దగ్గర ఉండాలి. తేదీ, నంబరు, ఏమిచ్చాం, ఎంత, ఎందుకు, ఇద్దరి సంతకాలు. ఇంతే.

మూడు నెలలకోసారి సంఘంలో ఇలా చదవండి: "వచ్చింది 9,600. వైద్యానికి 4,100, సరుకులకు 3,000, బడి ఖర్చులకు 1,500. మిగిలింది 1,000." ఎవరికని అడిగితే చెప్పేది లేదు. అనుమానం ఉంటే పక్క సంఘం పెద్దను పిలిచి పుస్తకం చూపించండి.

10. తరచూ వచ్చే చిక్కులు

భర్త తాగుతాడు, ఇస్తే తాగేస్తాడు. డబ్బు ఇవ్వకండి, కానీ సాయం ఆపకండి. బడి ఫీజు బడిలో, మందులు మందుల షాపులో, గ్యాసు ఏజెన్సీలో నేరుగా కట్టండి. తండ్రి తప్పుకు పిల్లలు పస్తు ఉండకూడదు.

అబద్ధం చెప్పి తీసుకున్నారు. జరుగుతుంది. ఒక్కరి వల్ల నియమాలు బిగించి మిగతా పదిమందిని నిలదీయకండి. పిలిచి నెమ్మదిగా అడగండి, ఆ అబద్ధం వెనక కూడా చాలాసార్లు చెప్పుకోలేని అవసరమే ఉంటుంది.

పని చేయనివాడు తినకూడదని వాక్యం ఉంది కదా. 2 థెస్సలొనీకయులకు 3:10 పని చేయడానికి ఇష్టం లేనివాళ్ళ గురించి. పని దొరకనివాళ్ళ గురించి, చేయలేనివాళ్ళ గురించి కాదు. ఆ వచనం ఎత్తేముందు ఆ మనిషికి ఒక పని చూపించి చూడండి.

ఒక పేటవాళ్ళకే ఇస్తున్నారని సణుగుడు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అపొస్తలుల కాలంలో గొడవ కూడా ఇదే, గ్రీకు భాష మాట్లాడేవాళ్ళ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని. అప్పుడు ఎన్నుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. మీ ముగ్గురూ ఒకే పేట, ఒకే కులం నుంచి ఉంటే ఇవాళే మార్చండి. ఎవరి నోరు మూయించడానికీ ప్రయత్నించొద్దు.

నిధి ఖాళీ, అప్పుడే పెద్ద ఆపద వచ్చింది. అందుకే ఎప్పుడూ 3,000 ముట్టకుండా ఉంచాలి. అదీ చాలకపోతే పేరు చెప్పకుండా "ఒక ఇంట్లో ఆపరేషన్ ఉంది, ఇంత తక్కువైంది" అని సంఘంలో చెప్పండి. మనుషుల్ని తోడు పంపండి: ఆసుపత్రిలో రాత్రి పడుకునేవాళ్ళు, ఇంటి దగ్గర పిల్లలకు అన్నం పెట్టేవాళ్ళు. వీటికి డబ్బు అక్కర్లేదు, రోగి బంధువులకు అన్నిటికన్నా కష్టమైంది అదే.

11. మొదటి నెల ఇలా గడపండి

- మొదటి వారం: ముగ్గురిని ఎన్నుకోవడం, గోప్యత మాట తీసుకోవడం, సంఘంలో ఎవరికైనా కూలి బాకీలుంటే తీర్చమని చెప్పడం.
- రెండో వారం: 12 నెలల కాగితం రాయడం, పుస్తకం కొనడం, పిడికెడు బియ్యం డబ్బాలు ఇంటింటికీ ఇవ్వడం.
- మూడో వారం: ఇళ్ళకు వెళ్ళి పలకరించడం. ఈ వారం ఎవరికీ ఏమీ ఇవ్వొద్దు, ప్రాణం మీదికి వస్తే తప్ప. ఆగిపోయిన పింఛన్లు, కార్డులు రాసుకోవడం.
- నాలుగో వారం: ఒక్క ఇంటితో మొదలుపెట్టడం. చాలా ఇళ్ళు కనపడినా సరే, ఒక్కటే. ఆ ఇంటివాళ్ళు తర్వాతి ఆదివారం వచ్చారో లేదో, ఎక్కడ కూర్చున్నారో చూసి, ఆ తర్వాతే రెండో ఇంటికి వెళ్ళండి.